చిట్టెయ్య తోక వెంట్రుకలు

జూన్ 29

ఈ డైరీ ఎరువుల షాపువాళ్ళు ఇచ్చింది. ఆరు నెలలుగా షంషాద్ దీన్ని పిండి డబ్బా మీద మూతగా వాడుతోంది. ఈరోజు లాక్కున్నాను. ఐదో తరగతి చదివినవాడికి డైరీ ఎందుకని అడిగింది. నా భార్యకు ఉర్దూ తప్ప తెలుగు చదవడం రాదు. కాబట్టి ఆమె గురించి ఇందులో ఎంతైనా రాసుకోవచ్చు. అందుకే అని చెప్పలేదు.

మనవరాలు తరన్నుమ్ కుప్పం హాస్టల్ నుంచి వచ్చింది. యూనివర్సిటీలో లా మీద పెద్ద లా చదువుతోంది. ఈసారి సబ్జెక్టు అంతర్జాతీయ పర్యావరణ చట్టమట. గాలికి, సముద్రానికి, అడవికి దేశాలన్నీ కలిసి రాసుకున్న చట్టం. దాని పోలీస్ స్టేషన్ ఎక్కడుందని అడిగాను. లేదంది. జైలు? అదీ లేదంది.

"మరి యాల ఇంటారు?"

"మాట ఇచ్చింటారు దాదా. మళ్ళా అందరూ ఒక సోట కూసోవాల గదా."

నాకు నవ్వు ఆగలేదు. మన పశువుల సంతే కదా ఇది! మేం దళారులం తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటాం. కాగితం లేదు, సాక్షి లేడు. ఇచ్చిన వేలు వెనక్కి తీసుకుంటే తర్వాతి సంతలో నీ తువ్వాలు కింద ఎవడూ చెయ్యి పెట్టడు. ఇదంతా ఆమెకు చెప్పాను. మా మేడం మొదటి క్లాసులోనే చెప్పింది దాదా, అంది. ఈ పిల్లకు కొత్తగా చెప్పడానికి ఏమీ మిగలడం లేదు.

జూన్ 30

మా కొడుకు కలీం, తరన్నుమ్ వాళ్ళ నాన్న, మదనపల్లె టమేటా మండీ నుంచి ఫోన్ చేసి మళ్ళీ అదే పాట పాడాడు. మదనపల్లె కోర్టులో భూమి కేసులు ఇన్ని ఉండగా ఈ పిల్ల సముద్రం కేసులు చదువుతోందని. మనకు సముద్రం లేదు కాబట్టి పోటీ కూడా ఉండదు కదా అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

జూలై 1

తరన్నుమ్ ప్రాజెక్టు మన పుంగనూరు పొట్టి ఆవు మీదేనట!

ఎవరైనా ఒక దేశంలోని మొక్కో, విత్తనమో, పశువో పరిశోధనకు పట్టుకుపోవాలంటే ముందు అడగాలి. ఆ దేశాన్ని అడగాలి, దాన్ని పెంచుతున్నవాళ్ళనీ అడగాలి. ఎందుకో, ఎక్కడికో చెప్పి, వాళ్ళు సరేనంటేనే ముట్టుకోవాలి. తర్వాత లాభం వస్తే అందులో వాటా ఇవ్వాలి. దేశాలు కలిసి చేసుకున్న ఏర్పాటు ఇది. ఢిల్లీవాళ్ళు కూడా దాన్ని చట్టం చేశారు.

ఆవుల గురించి నన్ను రెండు గంటలు అడిగింది. మొదటి గంట నిజాలే చెప్పాను. తర్వాత విసుగు పుట్టి, పొట్టి ఆవు పౌర్ణమి నాడు దూడను కుడిపక్క మాత్రమే పడుకోబెడుతుందని చెప్పాను. శ్రద్ధగా రాసుకుంది. షంషాద్ వంటింట్లోంచి కేక పెట్టాకే కొట్టేసింది.

జూలై 2

తరన్నుమ్ కుప్పం వెళ్ళిపోయింది. ఇంట్లో ప్రశ్నలు లేవు.

జూలై 4

జుమ్మా నమాజు అయి బయటికి వస్తుంటే ఒకాయన కారు దిగి, దళారి సుభాన్ సాయిబు మీరేనా అన్నాడు. దళారి! ఆ మాట నా పేరు పక్కన విని ఎన్నేళ్ళయిందో. ఇప్పుడు జనం ఫోన్లో వీడియో చూసి ఆవుల్ని కొంటున్నారు. నా తువ్వాలును షంషాద్ రొట్టెలు చుట్టడానికి అడుగుతోంది.

ఆయన పేరు ప్రకాష్ బాబు. మదనపల్లె మిషన్ స్కూల్లో చదువుకున్నాడట, మర్యాదస్తుడు. బెంగళూరు కంపెనీలో పని. ఆ కంపెనీ ఇంకో దేశం కంపెనీకి పని చేస్తుంది. ఆయనకు పాపక్క కోడె కావాలి. కొనడానికి కాదు. తోక వెంట్రుకలు కొన్ని, తర్వాత ఒక చిన్న గొట్టంలో నెత్తురు. పాపక్క వాకిట్లోకి వెళితే, పశువులకు సూది మందు వేసేవాళ్ళనుకుని చీపురు చూపించిందట.

పాపక్కది రామసముద్రం రోడ్డులో పశువుల కొట్టం. ఆ కోడె పేరు చిట్టెయ్య. తెల్లగా, నా నడుం దాకా ఉంటాడు. అలాంటి పొట్టి కోడె చుట్టుపక్కల లేదు. ఆమె మొగుడు బెంగళూరులో వాచ్‌మన్. చిట్టెయ్యకు వాచ్‌మన్ ఆమె.

తువ్వాలు పరిచి చెయ్యి పెట్టమన్నాను. నోటితో మాట్లాడుకుందాం సార్ అన్నాడు.

"నోటితో చెప్తే అది వంకాయల బేరం అప్పా."

చెయ్యి మెత్తగా ఉంది. ఏ వేలికి ఏ లెక్కో తెలియదు. నేర్పించాను. చుట్టూ జనం చేరి చూస్తున్నారు. చూడనీ. వెంట్రుకలు ఇప్పిస్తాను, నెత్తురు కూడా ఇప్పిస్తాను అని వేలు నొక్కి మాట ఇచ్చేశాను.

జూలై 6

ఈరోజు పని జరిగింది. బేరం పెద్దది కాదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. పాపక్కతో, ఈయన చిట్టెయ్యను చూడడానికి వచ్చాడని చెప్పాను. చూడడానికే వచ్చాడు కదా. మజ్జిగ ఇమ్మన్నాను. తెచ్చింది. ఉప్పు ఎక్కువైంది, మొగుడు బెంగళూరు పారిపోయింది ఇందుకేనా అన్నాను. తిట్టుకుంటూ మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఆలోపు ప్రకాష్ బాబు తోక వెంట్రుకలు కుదుళ్ళతో సహా పీకి కవర్లో వేసుకున్నాడు. చిట్టెయ్య ఆయన్ని తన్నబోయాడు. తన్ని ఉంటే బాగుండేది, నవ్వుకునేవాణ్ణి.

నెత్తురుకు పద్దెనిమిదో తేదీ శుక్రవారం వస్తానన్నాడు.

మా సంతలో ఒక కట్టుబాటు ఉంది. దళారులు వేళ్ళు ఎంత నొక్కుకున్నా, పశువు సొంతదారు పలుపుతాడు కొసను తన చేత్తో కొన్నవాడి చేతిలో పెట్టేదాకా బేరం తెగినట్టు కాదు. కానీ అది పశువుకు. వెంట్రుకలకు పలుపు ఎక్కడుంది?

జూలై 8

వెంట్రుకలే కదా.

జూలై 9

తరన్నుమ్‌కు నేనే ఫోన్ చేశాను. నీ చట్టం మన వీధిలోకే వచ్చిందే అని గొప్పగా మొదలుపెట్టాను. కారు, కంపెనీ, కవరు, అన్నీ చెప్పాను. మజ్జిగ దగ్గర నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"పాపక్క అవ్వకు తెలుసునా?"

"వెంట్రుకలకు పలుపు యాడుండాది మే?"

"తెలుసునా, తెల్దా దాదా?"

పక్కింట్లో మిక్సీ వేశారు, వినపడలేదన్నాను. పక్కింట్లో కరెంటు లేదు. మనకూ లేదు.

చెన్నైలో ఒక ఆఫీసు ఉందట. బయటి దేశం కంపెనీ కోసం పశువు నెత్తురైనా, వెంట్రుకైనా తీసుకుపోవాలంటే దాని అనుమతి కావాలి. అది ఆ కంపెనీ చూసుకోవాల్సిన పని అంది. కానీ పాపక్కను ముందుగా అడగడం నువ్వు చూసుకోవాల్సిన పని దాదా అంది. మెల్లగా అంది. గట్టిగా అంటే నేను కూడా గట్టిగా అనేవాణ్ణి.

జూలై 11

ప్రకాష్ బాబు ఫోన్. శుక్రవారం ఖాయమే కదా సార్ అన్నాడు. మా మాటకు తిరుగులేదన్నాను.

జూలై 14

కుప్పం వెళ్ళి వచ్చాను. తరన్నుమ్ ఫోన్ చెయ్యడం లేదని షంషాద్ సతాయిస్తుంటే బస్సెక్కాను. నాకేమీ బెంగ లేదు. ఆ పోలీసు లేని చట్టం ఎలా నేర్పుతారో చూడాలని, అంతే.

దారి పొడవునా లారీల మీద గ్రానైటు దిమ్మెలు. కుప్పంలో టీ తెలుగులో అడిగాను, తమిళంలో ఇచ్చాడు, చిల్లర కన్నడంలో చెప్పాడు. అంతర్జాతీయమంటే ఇదేనేమో అనుకున్నాను.

తరన్నుమ్ నన్ను చూసి గేటు దగ్గరే నిలబడిపోయింది. క్లాసుకు టైమైంది, వస్తే రా అంది. హన్నా మేడం సన్నగా, కళ్ళద్దాలతో ఉంటుంది. తాతగారు వెనక బెంచీలో కూర్చోవచ్చంది. యాభై ఏళ్ళ తర్వాత బెంచీ మీద కూర్చున్నాను. ఇప్పుడు కూడా వెనకదే.

పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో దేశం బోర్డు ముందు పెట్టుకుని తగాదా పడుతున్నారు. ఉదయ్ కిరణ్ అనే పిల్లవాడు సముద్రంలో మునిగిపోతున్న చిన్న దీవి. పొగ వదిలేది మీరు, మునిగేది మేమా అని అరిచాడు. నాకు ఆగలేదు, చెయ్యెత్తాను. పూర్తిగా మునిగిపోయాక ఆ బోర్డు ఎవరి ముందు పెడతారని అడిగాను. కొందరు నవ్వారు. హన్నా మేడం నవ్వలేదు. దాని మీద పెద్ద పెద్దవాళ్ళే ఇంకా వాదించుకుంటున్నారని చెప్పి, నేల పోయినా దేశం దేశమే అనేవాళ్ళు ఏమంటారో వివరించింది. సగం అర్థమైంది. ఆ సగమే బస్సులో ఇంటిదాకా నమిలాను.

అంతటితో ఊరుకుని ఉండాల్సింది. మళ్ళీ చెయ్యెత్తాను. ఒకడు అడగకుండా ముందే తీసేసుకున్నాడనుకోండి, తర్వాత పోయి అడిగితే సరిపోతుందా అన్నాను. మాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు అని కూడా చేర్చాను. తరన్నుమ్ తల దించుకుని పుస్తకంలోకి చూస్తోంది.

"తీసుకున్న తర్వాత అడిగితే అది అడగడం కాదండీ," అంది హన్నా మేడం. "కానీ చెప్పడమని ఒకటి ఉంది కదా. మీకు తెలిసినాయన అదైనా చెయ్యొచ్చు."

క్యాంటీన్లో తరన్నుమ్ నాకు దోసె తినిపించింది. ఆ విషయం ఎత్తలేదు. బస్సెక్కేటప్పుడు మాత్రం అంది.

"శుక్రవారం నేను వస్తాను దాదా. నువ్వు సెప్పకపోతే నేను సెప్పను. నీ నోటితోనే రావాల."

ఇంతకంటే తిట్టి ఉంటే సుఖంగా ఉండేది.

జూలై 15

మోకాలు నొప్పి. పాపక్క కొట్టం దాకా నడవలేను. సంత దాకా వెళ్ళి వచ్చాను.

జూలై 16

మదనపల్లె వెళ్ళాను, కలీం మండీకి. కొనేవాళ్ళు పెట్టెల మధ్య తిరుగుతూ ఒక టమేటా తీసి విరిచి చూసి పారేస్తారు. ఎవరూ ఎవరినీ అడగరు. చూశావా, అనుకున్నాను. కలీంను అడిగాను, అడగకుండా తీసుకుంటున్నారే, నీకు కోపం రాదా అని.

"నా కండ్ల ముందరే గదా తీస్తాండేది అబ్బా. నేను లేనప్పుడు తీస్తే దాన్ని ఇంగోటి అంటారు."

పనిలో ఉన్నాడు, నా మొహం చూడలేదు. మంచిదే అయింది.

జూలై 17

పాపక్క ఇంట్లో ఉండదు. ఉన్నా పని మీద ఉంటుంది.

కూర్చుని లెక్క వేస్తే రెండే దారులు. చెప్తే రేపు ప్రకాష్ బాబు ముందు ఇచ్చిన వేలు వెనక్కి తీసుకోవాలి. ఇంత వయసు వచ్చేదాకా ఆ పని చెయ్యలేదు. చెప్పకపోతే తరన్నుమ్ ఏమీ అనదు. ఏమీ అనకుండానే ఉండిపోతుంది, అదే కష్టం.

ఏ బుడ్డా, ముసలోడా, అన్నం చల్లారిపోతోంది అని షంషాద్ పిలిచింది. ఆమెకు అంతా తెలుసనుకుంటాను. డైరీ చదవడం రాకపోతేనేం, నా మొహం మాత్రం ఉర్దూలోనే ఉంటుందేమో.

జూలై 18

ప్రకాష్ బాబు కూలింగ్ డబ్బాతో వచ్చాడు. తరన్నుమ్ పొద్దున బస్సుకే దిగి నాతో వచ్చింది. పాపక్క చిట్టెయ్యకు నీళ్ళు పెడుతోంది. ఏం సాయిబన్నా, ఈసారి ఉప్పు లేకుండా తెస్తానుండు అని లోపలికి పోబోయింది.

ఉండు పాపక్కా అన్నాను. అంతా చెప్పేశాను. వెంట్రుకలు, కంపెనీ, బయటి దేశం, ఈరోజు నెత్తురు. మజ్జిగ సంగతి కూడా. అది చెప్పకుండా దాటెయ్యాలని చాలా అనిపించింది.

ఆమె ముందు నన్ను చూడలేదు. వెళ్ళి చిట్టెయ్య తోక ఎత్తి, పాపిడి తీసినట్టు వెంట్రుకలు పక్కకు తోసి చూసింది. తర్వాత నన్ను తిట్టింది. అవన్నీ ఈ డైరీలో రాయదగ్గవి కావు. ముసిలి నక్క అన్నది ఒక్కటే మర్యాదగా ఉంది. ప్రకాష్ బాబును మాత్రం కూర్చోమని పీట వేసింది.

ఆయన్ని అడగడం మొదలుపెట్టింది. ఏం చేస్తారు వాటితో? ఈ జాతి ఇంత చిన్నగా ఎందుకుంటుందో, పాలు ఎందుకంత చిక్కగా ఉంటాయో చూస్తారమ్మా అన్నాడు. చూసి? తెలియదన్నాడు. అక్కడ ఇంకో చిట్టెయ్యను పుట్టిస్తారా? ఆయన ఫోన్ చేసి ఎవరినో ఇంగ్లీషులో అడిగాడు. చెప్పలేమంటున్నారమ్మా అన్నాడు. ఏం తెలిసిందో వచ్చి నాకు చెప్తారా? దీనికి ఫోన్ కూడా చెయ్యలేదు. చెన్నై ఆఫీసు అనుమతి ఉందా అని తరన్నుమ్ అడిగింది. కంపెనీ చూసుకుంటుందనుకున్నానమ్మా అన్నాడు. నిజమే చెప్పాడు. పాపం, ఆయనా నాలాగే ఎవరికోసమో వేలు నొక్కినవాడు.

"వద్దు," అంది పాపక్క. "నెత్తురు ఇయ్యను. ఆ ఎంటికెలు గూడా తెచ్చీ."

ప్రకాష్ బాబు నావైపు తిరిగాడు. అందరి ముందు తువ్వాలు కింద మాట ఇచ్చారు కదా సార్, ఇప్పుడు ఇలా అంటే ఎలా అన్నాడు.

"మాట నాది గాదప్పా, ఆమెది. నాది గాని సొమ్ము నేను ఇచ్చినాను. వాపసు తీసుకుంటాండా."

ఆయన డబ్బా తీసుకుని కారెక్కాడు.

తిరిగి వస్తుంటే తరన్నుమ్ నా చెయ్యి పట్టుకుంది. మోకాలు నొప్పని తనే అనుకుంది. అనుకోనిచ్చాను.

జూలై 21

సంత. టీ అంగడి దగ్గర ఎవడో అన్నాడు, సాయిబు వేలు వెనక్కి తీసుకున్నాడంట అని. తీసుకున్నాను, గోరు పెరిగింది కత్తిరించుకుందామని, అన్నాను. అందరూ నవ్వారు. ఎవరూ పక్కన కూర్చోలేదు.

జూలై 22

పాపక్క ఎదురొచ్చి రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళింది.

జూలై 26

వస్తాడనుకోలేదు. ప్రకాష్ బాబు వచ్చాడు! ఆ వెంట్రుకలు ఇంకా బెంగళూరు దాటలేదట. మేనేజరుతో తగాదా పడి తెచ్చానన్నాడు. పాపక్క కొట్టానికి నన్ను కూడా రమ్మంటే వెనకాల దూరంగా నడిచాను.

పాపక్క కవరు తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది. ఎంచినట్టుంది. తర్వాత పోయి పేడ దిబ్బలో పారేసింది. ప్రకాష్ బాబు నోరు తెరిచాడు. నేను ఉండబట్టలేక అడిగాను, పారేసేదానికి అంత దూరం నుంచి ఎందుకు తెప్పించావని.

వారం తర్వాత నాతో మొదటి మాట.

"పారేసేదీ నేనే గదా సాయిబన్నా."

ఇంటికి వచ్చి తరన్నుమ్‌కు ఫోన్‌లో చెప్పాను. ఇంకోసారి చెప్పు దాదా, మెల్లగా చెప్పు అంది. రాసుకుంటోందని తెలుస్తోంది. వాళ్ళ దగ్గర ఒక వెంట్రుక మిగిలిపోయి ఉంటే ఎలా తెలుస్తుందని అడిగాను. తెలియదు దాదా అంది. ఆ చట్టంలో తెలియనివి కూడా చాలా ఉన్నాయన్నమాట. నాకు అదే నచ్చుతోంది.

ఆగస్టు 3

తరన్నుమ్ నిన్న వచ్చింది. ప్రాజెక్టు దాదాపు పూర్తయిందట. పొద్దున నన్ను వసారాలో కూర్చోబెట్టి, తను కింద చాప మీద కూర్చుని, పది పేజీలు తెలుగులో చదివి వినిపించింది. దేశాల ఏర్పాటు, ఢిల్లీ చట్టం, పాపక్క, చిట్టెయ్య, దిబ్బ. నడుమ ఒక చోట 'స్థానిక దళారి ఒకరు' అని ఉంది. మజ్జిగతో సహా ఉంది.

చదివి కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది.

"ఇది నీ సంగతి దాదా. నువ్వు సరే అంటేనే ఉంచుతా. వద్దంటే ఆ పేజీలు తీసేస్తా."

"తీసేస్తే నీ మార్కులు?"

"తగ్గుతాయి. పర్వాలేదు."

నవ్వులాటకు ఏదో అనబోయాను. నిజంగా అడుగుతోంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నేను ఏమంటే అది అన్నట్టు చూస్తోంది. ఇంత వయసులో ఎందరి పశువుల గురించో ఎందరినో అడిగాను. నా గురించి నన్ను ఇలా ఎవరూ అడగలేదు. షంషాద్‌తో నిఖా కుదిర్చిన నాడు కూడా మా నాన్నే నా తరఫున తల ఊపాడు.

అందుకని నేనూ అడిగాను. ఎవరు చదువుతారు ఇది? హన్నా మేడం, ఇంకో ఇద్దరు మాస్టర్లు. తర్వాత ఎక్కడ పెడతారు? లైబ్రరీలో. ఎవరైనా ఇంకో దేశం పట్టుకుపోతారా? పోవచ్చు దాదా, నాకు తెలియదు. చదివి వాళ్ళు ఏమన్నారో వచ్చి నాకు చెప్తావా? చెప్తానంది, వెంటనే. పాపక్క ఏమంది? ఆమెను నిన్న సాయంత్రమే అడిగిందట. కొట్టంలో కూర్చుని అంతా విని, సాయిబన్నను ముసిలి నక్క అన్నది ఎందుకు రాయలేదు, అది కూడా రాయి అన్నదట.

షంషాద్ వంటింట్లో నవ్వుతోంది. గిన్నె కింద పడిన చప్పుడు కూడా అయింది.

"ఏమంటావు దాదా?"

"రేపు సెప్తా."

"అట్లనే," అంది. కాగితాలు సర్దుకుని లేచింది. విసుక్కోలేదు.

తను అడిగినప్పుడే సరే అనుకున్నాను. నక్కను కూడా రాయమంటాను. రేపు చెప్తానన్నది ఇంకోసారి అడిగించుకుందామని.